ఎందుకో తెలియకుండా నేర్చుకోవడం

పెట్టె ఒకటి ఉంది. దాని పైభాగాన ఓ రంధ్రం, రంధ్రానికి అడ్డంగా చిన్న గడియ. ముందువైపు ఓ బుల్లి తలుపు, దాని వెనుక తినుబండారం. చూపించే మనిషి కర్రపుల్ల చేతిలోకి తీసుకుని ముందుగా పై గడియను తోసేసి, రంధ్రంలోకి పుల్ల దించి కొన్నిసార్లు పొడుస్తారు. ఆ తర్వాతే ముందు తలుపు తీసి, అదే పుల్లతో తినుబండారాన్ని బయటికి లాగుతారు. పెట్టె నల్లగా ఉండి లోపలేముందో కనబడనప్పుడు, ఇదంతా చూసిన చింపాంజీలు వరస తప్పకుండా అదే పని చేశాయి. పిల్లలూ అంతే. తర్వాత అచ్చం అలాంటిదే ఇంకో పెట్టె తెచ్చారు, దీని గోడలు మాత్రం పారదర్శకం. పైనుంచి దించిన పుల్ల మధ్యలో ఉన్న అరకు తగిలి ఆగిపోతోందనీ, తినుబండారం దాకా అది చేరడమే లేదనీ ఇప్పుడు స్పష్టంగా కనబడుతోంది. చింపాంజీలు పై పనిని చాలావరకు వదిలేసి నేరుగా ముందు తలుపు దగ్గరికి వెళ్లాయి. మూడు నాలుగేళ్ల పిల్లలు మాత్రం ఎప్పట్లాగే పైనుంచి పుల్ల దించారు, పొడిచారు, ఆ తర్వాతే తలుపు తీశారు. విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ 2005లో ప్రచురించిన ప్రయోగం ఇది. ఇందులో పాల్గొన్న చింపాంజీలు ఉగాండాలో, విక్టోరియా సరస్సులోని న్గాంబా దీవి సంరక్షణ కేంద్రంలో పెరుగుతున్నవి.

ఇది చదవగానే చింపాంజీ ఆలోచించింది, పిల్లవాడు గుడ్డిగా చేశాడు అనిపించడం సహజం. అనుకరణ అంటే మనకు ఎప్పట్నుంచో చులకన. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం, గొర్రెదాటు, కాపీ కొట్టడం, అన్నీ నిందలుగానే వాడతాం. సొంత బుర్రతో తేల్చుకున్నదే చదువు, పక్కవాణ్ణి చూసి పట్టుకున్నది రెండో రకం సరుకు అన్న భావన మన బడుల్లోనూ ఇళ్లలోనూ బాగా పాతుకుపోయింది. ఈ అధ్యాయంలో నా వాదన ఇంచుమించు దీనికి ఎదురుగా నడుస్తుంది. ఎందుకు చేస్తున్నామో తెలియని పనిని కూడా ఉన్నదున్నట్టు పట్టుకోగలగడం మనిషి జాతికున్న పెద్ద బలం. తిండి, వైద్యం, చేతివృత్తులు, భాష చాలావరకు దీని మీదే నిలబడ్డాయి. కాకపోతే ఆ బలానికి ఒక షరతు ఉంది. మనం చూసి నేర్చుకుంటున్న పనిని, వెనకటి వరసలో ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు చేసి చూసి మంచిచెడ్డలు తేల్చి ఉండాలి. ఆ షరతు నెరవేరినంతకాలం అనుకరణ కన్నా చవకైన, నమ్మకమైన చదువు లేదు. అది తప్పినచోట అదే గుణం ఊళ్లకు ఊళ్లను ముంచుతుంది.

ముందు పిల్లల సంగతి తేల్చుకోవాలి. పెద్దల్ని మెప్పించడానికే వాళ్లు ఆ దండగ పని చేశారని ఎవరైనా అనవచ్చు. యేల్ విశ్వవిద్యాలయంలో డెరెక్ లయన్స్ బృందం 2007లో సరిగ్గా ఈ అనుమానాన్నే పరీక్షకు పెట్టింది. ఒక వస్తువును తెరవడంలో ఏ పని అవసరమో ఏది అనవసరమో గుర్తుపట్టేలా పిల్లలకు ముందుగానే తర్ఫీదు ఇచ్చారు, అనవసరమైనదాన్ని సరిగ్గా చెప్పినప్పుడు మెచ్చుకున్నారు. అనవసరమైనవేవీ చెయ్యొద్దని నేరుగా చెప్పి చూశారు. ప్రయోగం అయిపోయిందని నమ్మించి, ఎవరూ గమనించడం లేదన్న పరిస్థితిలోనూ చూశారు. అయినా పిల్లలు అనవసరపు పనులు చేస్తూనే వచ్చారు. పరిశోధకులు దీనికి అతి అనుకరణ అని పేరుపెట్టారు. పట్నపు పిల్లల అలవాటేమో అనుకోవడానికీ లేదు. మార్క్ నీల్సన్, కెయాన్ టొమసెల్లి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఆస్ట్రేలియా నగర బాలల్లో కనబడిన ధోరణే దక్షిణాఫ్రికా కలహారి ప్రాంతపు బుష్‌మెన్ పిల్లల్లోనూ కనబడింది. వయసుతో పోయే పసితనం అనుకోవడానికీ లేదు, ఎందుకంటే నికోలా మెక్‌గిగన్ బృందం 2011లో పెద్దవాళ్లకు ఇలాంటి పనే ఇచ్చి చూస్తే, వాళ్లు అనవసరపు పనుల్ని చిన్నపిల్లల కన్నా మరింత నిక్కచ్చిగా చేశారు. జర్మనీలో 2013లో జరిగిన మరో అధ్యయనంలో, ఒక తోలుబొమ్మ ఆ అనవసరపు మెట్టు వదిలేసి ఆట ఆడితే పిల్లలు ఊరుకోలేదు, అలా కాదని అభ్యంతరం చెప్పారు. అంటే వాళ్ల దృష్టిలో ఆ మెట్టు ఆ పని చేసే పద్ధతిలో భాగమైపోయింది.

మరి పిల్లలు అసలు ఆలోచించడమే లేదా? ఇక్కడే ఆసక్తికరమైన మలుపు ఉంది. హంగరీకి చెందిన గ్యోర్గి గెర్గెలీ, మరో ఇద్దరు సహచరులతో కలిసి 2002లో నేచర్ పత్రికలో ఒక చిన్న ప్రయోగాన్ని ప్రకటించాడు. పద్నాలుగు నెలల బిడ్డ ముందు బల్లమీద ఓ దీపం పెట్టారు, తాకితే వెలుగుతుంది. చూపించే మనిషి చేత్తో తాకకుండా, ముందుకు వంగి నుదుటితో నొక్కింది. కొందరు బిడ్డలకు ఆమె చేతులు బల్లమీద ఖాళీగా కనబడ్డాయి. ఇంకొందరికి ఆమె చలేస్తున్నట్టు దుప్పటి కప్పుకుని, దాన్ని రెండు చేతులా బిగించి పట్టుకుని కనబడింది. చేతులు ఖాళీగా ఉండటం చూసిన బిడ్డల్లో 69 శాతం మంది తామూ తలతోనే నొక్కారు. దుప్పటి పట్టుకుని ఉండటం చూసిన బిడ్డల్లో 21 శాతమే ఆ పని చేశారు, మిగతావాళ్లు శుభ్రంగా చేత్తో వెలిగించారు. చేతులు తీరిక లేక తల వాడింది కాబోలు, నాకు చేతులున్నాయి కదా అన్న లెక్క ఏదో ఆ పసిబుర్రలో జరిగిందని గెర్గెలీ బృందం భావించింది. ఈ వ్యాఖ్య మీద వాదులాట ఇంకా తెగలేదు. బల్లమీద చేతులు ఆనించి వంగడం బిడ్డ శరీరానికి సాధ్యమైన భంగిమ కాబట్టే దాన్ని చేశారనీ, అందులో తర్కమేమీ లేదనీ మార్కుస్ పౌలుస్ బృందం 2011లో వేరే ప్రయోగాలు చూపించింది. నాకు ఈ రెండో వాదనలోనూ బలం ఉందనిపిస్తుంది. అయితే ఏ వివరణ గెలిచినా, ఎదుటి మనిషి చేసిందల్లా బిడ్డ ఒకే తీరున అచ్చు దింపుకోవడం లేదన్నది మాత్రం నిలబడుతుంది. చుట్టూ ఉన్న పరిస్థితిని బట్టి దేన్ని తీసుకోవాలో మారుతోంది.

ఎందుకో తెలియకపోయినా మొత్తం పనిని పట్టుకోవడం వల్ల లాభమేమిటి? దీనికి జవాబు ప్రయోగశాలలో కన్నా మొక్కజొన్న చరిత్రలో బాగా దొరుకుతుంది. మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల జనం మొక్కజొన్నను నేరుగా వండరు. గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడకబెట్టి, రాత్రంతా నాననిచ్చి, కడిగి, పొట్టు పోగొట్టి, అప్పుడు రుబ్బి రొట్టెలు చేస్తారు. ఉత్తర అమెరికాలోని చాలా తెగలు సున్నానికి బదులు కట్టెబూడిద వాడేవి. ఈ పద్ధతి వయసు మూడు వేల ఏళ్లకు పైనే. యూరప్‌వాళ్లు మొక్కజొన్న విత్తనాన్ని ఓడల్లో పట్టుకుపోయారు, వండే పద్ధతిని మాత్రం అక్కడే వదిలేశారు. గింజను మరలో ఆడించి పిండి చేసుకోగలిగినవాళ్లకు సున్నంలో నానబెట్టడం దండగ పనిగానే తోచి ఉంటుంది. ఫలితం పెల్లాగ్రా. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొరలు లేవడం, విరేచనాలు, మతి చెడటం, చివరికి చావు. పద్దెనిమిదో శతాబ్దంలో స్పెయిన్, ఇటలీ పేదల్లో మొదలై ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాలను ఈ జబ్బు కుదిపేసింది. అక్కడ దాదాపు లక్ష మంది దీనివల్ల చనిపోయారని అంచనా. ఇది అంటువ్యాధి అని వైద్యులు వాదిస్తున్న రోజుల్లో, 1914లో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు ఒక మామూలు విషయం గమనించాడు. అనాథాశ్రమాల్లో, పిచ్చాసుపత్రుల్లో ఉండేవాళ్లకు జబ్బు వస్తోంది, వాళ్లకు సేవ చేసే సిబ్బందికి రావడం లేదు. తేడా అంతా తిండిలోనే. లోపించిన పదార్థం నియాసిన్ అని కాన్రాడ్ ఎల్వెహెమ్ 1937లో తేల్చాడు. మొక్కజొన్నలో నియాసిన్ ఉంది గానీ మన పేగులు పీల్చుకోలేని రూపంలో బందీగా ఉంది, సున్నం దాన్ని విడిపిస్తుంది.

ఈ కథలో ఒక చిన్న సంగతి మీద ఆగాలి. సున్నంలో నానబెట్టిన ఆ ఆడవాళ్లలో ఒక్కరికైనా నియాసిన్ గురించి తెలిసే వీలు లేదు. సున్నం వేయని రొట్టె తిన్న రోజున ఏమీ కాదు, ఆ వారమూ ఏమీ కాదు. నెలల తర్వాత వచ్చే జబ్బుకూ ఫలానా రోజు వదిలేసిన సున్నానికీ సంబంధం ఒక మనిషి సొంత అనుభవంలో పట్టుబడేది కాదు. తెలివైన కోడలు ఒకతె అత్తగారి పద్ధతిని పరీక్షకు పెట్టి, అనవసరమైన మెట్టును తీసేసి ఉంటే, ఆమె తర్కంలో లోపం వెతకడం కష్టం, ఆ ఇంటిల్లిపాదీ మాత్రం జబ్బుపడతారు. గాజుపెట్టె ముందు చింపాంజీ గెలుస్తుంది, ఎందుకంటే అక్కడ కారణం కళ్లముందుంది. బతుకులో మనం నేర్చుకోవాల్సిన చాలా పనులకు కారణం కనబడదు, ఫలితం ఆలస్యంగా వస్తుంది. అలాంటి లోకంలో మొత్తం తీసుకుని తర్వాత అవసరమైతే తగ్గించుకునేవాడే బతికి బట్టకడతాడు.

మన వంటింట్లోనూ ఇలాంటివి లేకపోలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత కట్టిన తెలుగువాళ్లకు కంద దురద గురించి వేరే చెప్పక్కర్లేదు. తరిగేముందు చేతులకు నూనె రాసుకోవడం, ముక్కల్ని చింతపండు పులుసులో ఉడికించడం కోస్తా జిల్లాల్లో పెళ్లిభోజనాలు వండేవాళ్ల నుంచి మామూలు ఇల్లాలి దాకా అందరూ చేసే పనే. కంద కణాల్లో కాల్షియం ఆక్సలేట్ సన్నటి సూదుల్లా పేరుకుని ఉంటుంది, నాలుకకూ గొంతుకూ గుచ్చుకునేది అదే. పులుపు, ఉడుకు దాని పోటు తగ్గిస్తాయి. ఇది చెప్పమంటే చెప్పగలిగే వంటమనిషి అరుదు, చెప్పలేకపోయినంత మాత్రాన కూరకు లోటేమీ రాదు. అయితే మొక్కజొన్న, కంద ఉదాహరణలు చూసి పూర్వులు చేసిందంతా శాస్త్రమే అనేసుకుంటే పెద్ద పొరపాటు. అనుకరణ మోసుకురాగలిగేది ఎవరో ఒకప్పుడు కనుక్కున్నదాన్నే. జొన్న ముఖ్య ఆహారమైన దక్కను పల్లెల పేదల్లో పెల్లాగ్రా ఉండేది, ఆ సంగతిని 1960ల నాటికి హైదరాబాద్‌లో సి. గోపాలన్ బృందం, నేడు జాతీయ పోషకాహార సంస్థగా మనకు తెలిసిన ప్రయోగశాలలో, లోతుగా పరిశోధించింది. జొన్న తినే ఇళ్లలో ఎంత శ్రద్ధగా అమ్మను చూసి కూతురు నేర్చుకున్నా ఆ జబ్బుకు విరుగుడు దొరకలేదు, ఎందుకంటే వెనకటి తరాల చేతుల్లో అలాంటి విరుగుడు లేదు. సంప్రదాయం మీద గౌరవం ఉండటం వేరు, అది సర్వజ్ఞమని నమ్మడం వేరు.

జంతువులూ చూసి నేర్చుకుంటాయి కదా, మనిషికేమిటి ప్రత్యేకత అన్న ప్రశ్న వస్తుంది. ఇంగ్లండులో 1920ల నుంచి నీలి టిట్ పిట్టలు ఇళ్ల ముందు పెట్టిన పాలసీసాల మూతల్ని పొడిచి మీగడ తాగడం మొదలుపెట్టాయి, కొద్ది దశాబ్దాల్లో ఈ అలవాటు ఊరూరా పాకింది. పిట్టను చూసి పిట్ట నేర్చుకుందని అందరూ రాశారు. షెర్రీ, గాలెఫ్ అనే పరిశోధకులు 1984లో వాటి దగ్గరి బంధువైన మరో పిట్టజాతితో పరీక్షించి చూస్తే, ఇంకో పిట్ట పొడవడం చూడకపోయినా, ఎవరో తెరిచిపెట్టిన డబ్బా ఒకటి కనబడితే చాలు, అవి తెరవడం నేర్చేసుకున్నాయి. అంటే అక్కడ తిండి ఉందన్న ఆచూకీ చాలు, ఎలా తీయాలన్నది దేని మట్టుకు అది తేల్చుకుంటుంది. మనిషి పిల్ల ఆచూకీతో ఆగదు, చేసే తీరునే పట్టుకుంటుంది. తీరు చెక్కుచెదరకుండా చేతులు మారితేనే తర్వాతి తరం దానిమీద ఇంకో మెరుగు పెట్టగలదు. ప్రతి తరమూ ఫలితాన్ని మాత్రమే చూసి మిగతాది తనంతట తాను తేల్చుకోవాల్సి వస్తే మగ్గం ఎప్పటికీ మగ్గం అయ్యేది కాదు.

చూసినదంతా వెంటనే చేతల్లో కనబడదు కూడా. ఈ విషయాన్ని తిరుగులేకుండా చూపించినవాడు స్టాన్‌ఫర్డ్‌కు చెందిన ఆల్బర్ట్ బండూరా. గాలి నింపిన బోబో బొమ్మను పెద్దవాళ్లు కొడుతుంటే చూసిన పిల్లలు తామూ కొట్టారన్న 1961 నాటి ప్రయోగం అందరికీ తెలిసిందే. అందులో 72 మంది పిల్లలున్నారు. నా దృష్టిలో దానికన్నా విలువైనది 1965లో 66 మందితో చేసినది. బొమ్మను కొట్టే మనిషి సినిమాను పిల్లలందరికీ చూపించారు, ముగింపు మాత్రం మూడు రకాలు. ఒకదాంట్లో కొట్టినవాడికి మిఠాయి, మెచ్చుకోలు దక్కుతాయి. ఇంకోదాంట్లో తిట్లు, దెబ్బలు తింటాడు. మూడోదాంట్లో ఏమీ జరగదు. తర్వాత పిల్లల్ని బొమ్మ దగ్గర వదిలేస్తే, శిక్ష చూసినవాళ్లు తక్కువగా అనుకరించారు. అంటే శిక్ష చూసి నేర్చుకోలేదన్నమాట అని తీర్మానించడానికి సిద్ధపడే సమయంలో బండూరా ఇంకో మెట్టు వేశాడు. సినిమాలో చూసింది చేసి చూపిస్తే పళ్లరసం, రంగు స్టిక్కర్లు ఇస్తానన్నాడు. అంతే, మూడు గుంపుల మధ్య తేడా మాయమైంది. అందరూ అన్నీ నేర్చుకునే ఉన్నారు, కొందరు బయటపెట్టలేదు. ఇంట్లో తండ్రి తల్లి మీద చెయ్యెత్తడం చూసిన కొడుకు ఆ వయసులో ఎంత నెమ్మదస్తుడిగా ఉన్నా, ఆ చూసినది ఎక్కడికీ పోలేదన్న ఆందోళన దీనివల్లే. నేర్చుకోవడం వేరు, చేయడం వేరు. చేయించేది తర్వాత వచ్చే సందర్భం.

ఈ ప్రయోగాల మీద విమర్శలు గట్టివే. ఆ బొమ్మ తయారైందే కొట్టడానికి, దాన్ని కొట్టడం మనిషిని కొట్టడం ఎలా అవుతుంది? కొత్త గదిలో, కొత్త ఆటవస్తువు ముందు, ఇక్కడ ఇలా ఆడాలి కాబోలని పిల్లలు అనుకోవడంలో వింత ఏముంది? హింస గురించి బండూరా ప్రయోగాలు చెప్పగలిగేది, వాటి పేరుమీద చెప్పిన దానికన్నా తక్కువేనని ఒప్పుకోవాలి. అయినా, ఇక్కడ ఇలా ఆడాలి కాబోలు అని పెద్దవాళ్లను చూసి పిల్లలు గ్రహించారన్న విమర్శే నా వాదనకు బలం. చూసి నేర్చుకోవడం అంటే అదే. ఒక పని తాను చేసినప్పుడూ, ఎదుటివాళ్లు చేయడం చూసినప్పుడూ ఒకేలా స్పందించే మెదడులోని దర్పణ నాడీకణాలు ఈ ప్రక్రియకు మూలమన్న ప్రచారాన్ని మాత్రం నేను పక్కన పెడతాను. ఇటలీలోని పార్మాలో 1990లలో వాటిని కనుక్కున్నది మకాక్ కోతుల్లో, ఆ కోతులే అనుకరణలో చాలా బలహీనం. అప్పుడే పుట్టిన బిడ్డ నాలుక బయటపెట్టి పెద్దల్ని అనుకరిస్తుందన్న 1977 నాటి ప్రసిద్ధ ఫలితం కూడా 2016లో వంద మందికి పైగా శిశువులతో చేసిన పరిశీలనలో నిలబడలేదు. అనుకరణ పుట్టుకతో పూర్తిగా తయారై వచ్చేది కాకపోవచ్చు. అదీ మనుషుల మధ్య పెరుగుతూ పదునెక్కే నేర్పే కావచ్చు.

ఎవరిని చూసి నేర్చుకోవాలన్నది చూపించేవాళ్ల చేతిలో ఉండదనడానికి మన దేశంలోనే మంచి సాక్ష్యం ఉంది. 1984లో దూరదర్శన్ హమ్‌లోగ్ ధారావాహికను మొదలుపెట్టింది. మెక్సికోలో మిగెల్ సబిదో, బండూరా సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని, చదువు వైపు జనాన్ని మళ్లించే సీరియళ్లు తీశాడు. హమ్‌లోగ్ వెనుక ఉన్న నమూనా అదే. అందులో తల్లి భగవంతి అన్నీ దిగమింగి నోరెత్తని ఇల్లాలు. అలా ఉండకూడదని చెప్పడానికే ఆ పాత్రను మలిచారు. అర్వింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ ప్రేక్షకుల్ని అడిగి చూస్తే చాలామంది ఆమెనే ఆదర్శంగా ఎంచుకున్నారు. ఆమె ఓర్పు, త్యాగం వాళ్లకు గొప్పగా కనబడ్డాయి. రచయిత ఉద్దేశం తెర మీద కనబడదు, మనిషి కనబడుతుంది. ఆ మనిషిలో ఏది తీసుకోవాలో ఇంట్లో అప్పటికే చూసిన తల్లులు, అత్తలు, వాళ్లకు ఊళ్లో దక్కిన గౌరవం నిర్ణయిస్తాయి.

ఇక షరతు తప్పినచోట ఏం జరుగుతుందో చూడాలి. అందుకు వరంగల్ పత్తిచేల కన్నా స్పష్టమైన చోటు నాకు తెలియదు. అమెరికా మానవశాస్త్రజ్ఞుడు గ్లెన్ డేవిస్ స్టోన్ 2000 నుంచి కొన్నేళ్లపాటు ఆ జిల్లా ఊళ్లలో రైతులు ఏ ఏడు ఏ విత్తనం వేస్తున్నారో నమోదు చేస్తూ వచ్చి, 2007లో ఫలితాలు ప్రకటించాడు. ఒక ఊళ్లో ఒక ఏడాది ఒక రకం విత్తనం మీద అందరూ ఎగబడతారు. పక్క ఊళ్లో అదే ఏడాది ఇంకో రకం. రెండేళ్లు తిరిగేసరికి మొదటి ఊళ్లో ఆ రకం పేరెత్తేవాడు ఉండడు. నేలలు మారలేదు, వానలు ఊరికో తీరుగా కురవలేదు, పురుగు ఊరి పొలిమేర చూసి ఆగలేదు. ఎందుకు ఇది వేశావంటే అందరూ వేస్తున్నారు కాబట్టి అన్నదే ఎక్కువగా వచ్చిన జవాబు. దీన్ని చూసి రైతు అమాయకుడనీ, గొర్రెదాటు మనిషనీ తీర్మానించేవాళ్లు ఉన్నారు. స్టోన్ అలా అనలేదు, నేనూ అనను. అదే రైతు వరి విషయంలో, పశువుల విషయంలో ఎంతో నిదానంగా పరీక్షించుకుని నడుస్తాడు. పత్తిలో పరీక్షించే అవకాశాన్నే మార్కెట్ అతని చేతిలోంచి లాగేసింది. విత్తనాల కొట్లో పదుల కొద్దీ పేర్లు. ఒకే పేరున్న ప్యాకెట్ లోపల ఈ ఏడు ఉన్న సరుకే వచ్చే ఏడూ ఉంటుందన్న భరోసా లేదు. వేరే పేర్లున్న రెండు ప్యాకెట్లలో ఒకే విత్తనం ఉండొచ్చు. ఒక రకం గుణం తెలుసుకోవాలంటే మంచి వానల ఏడు, కరువు ఏడు, పురుగు పడ్డ ఏడు, మూడూ చూడాలి. అంతవరకు ఆ ప్యాకెట్ అంగట్లో ఉంటేగా. నేర్చుకునే వేగం కన్నా మార్పు వేగం ఎక్కువైపోయింది. స్టోన్ దీన్ని నేర్పు కోల్పోవడం అన్నాడు.

పక్క రైతు బాగా పండించాడు కాబట్టి అతను వేసిందే వేయడం తెలివైన పనే కదా అని స్టోన్‌తో విభేదించినవాళ్లు అడిగారు. బీటీ పత్తికి దేశంలో 2002లో అనుమతి వచ్చాక అది అంత వేగంగా పాకింది లాభం కనబడబట్టేనన్నది వాళ్ల మాట. అందులో నిజం ఉంది. ఒక్క రైతు వైపు నుంచి చూస్తే పక్కచేను చూసి నడవడం ఎప్పుడూ చవకే. చిక్కంతా ఊరంతా అదే చేసినప్పుడు. అలన్ రోజర్స్ 1988లో ఒక చిన్న గణిత నమూనాతో దీన్ని తేటతెల్లం చేశాడు. కొందరు శ్రమపడి సొంతంగా పరీక్షించేవాళ్లు, కొందరు వాళ్లను చూసి చేసేవాళ్లు అనుకుందాం. చూసి చేసేవాళ్లు కొద్దిమందైతే వాళ్లకు బోలెడు లాభం, ఖర్చులేకుండా మంచి సమాచారం దొరుకుతుంది. వాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ, చూసి చేసేవాణ్ణి చూసి చేసేవాళ్లు ఎక్కువై, చుట్టూ పరిస్థితి మారినా ఆ కబురు ఎవరికీ చేరదు. చివరికి ఆ సమాజం అనుకరణ అసలే లేని సమాజం కన్నా మెరుగ్గా ఏమీ ఉండదు. మెక్సికో వంటింటికీ వరంగల్ పత్తిచేనుకూ తేడా ఇదే. అక్కడ మొక్కజొన్న వేల ఏళ్లు మొక్కజొన్నగానే ఉంది, ఎప్పుడో తేలిన మంచిచెడ్డ ఇప్పటికీ చెల్లుతుంది. ఇక్కడ నిన్న తేలినది ఇవాళ చెల్లదు, కొత్తగా తేల్చేవాడు లేడు. రెండుచోట్లా మనిషి మనసు చేస్తున్న పని ఒక్కటే.

అలాంటప్పుడు అనుకరణ మాన్పించి కారణాలు నేర్పితే సరిపోదా? చాలా పనులకు కారణం మనకే తెలియదు, నియాసిన్ సంగతి 1937 దాకా ఎవరికీ తెలియనట్టే. తెలిసినచోట కూడా పాఠం ఒక్కటే మార్గం కాదు. బార్బరా రోగాఫ్, మరిసెలా కొరియా చావెజ్ గ్వాటెమాలాలోని మాయా కుటుంబాల్లో చేసిన అధ్యయనం (2009) ఇందుకు నిదర్శనం. తోబుట్టువుల్లో ఒకరికి బొమ్మ తయారీ నేర్పుతుంటే రెండోవాళ్లను పక్కన కూర్చోబెట్టారు. సంప్రదాయ పద్ధతిలో పెరిగిన మాయా పిల్లలు తమకు చెప్పకపోయినా ఆ పనినే గమనిస్తూ కూర్చున్నారు. తర్వాత తమ వంతు వచ్చినప్పుడు తక్కువ సాయంతో చేసేశారు. అమెరికాలో మధ్యతరగతి ఇళ్లలో పెరిగిన పిల్లలు తమను ఉద్దేశించి చెప్పనప్పుడు ఎక్కువసార్లు దిక్కులు చూశారు. గమనించే శక్తి పిల్లల్లో ఉంటుంది, దాన్ని పెంచేదీ ఎండగట్టేదీ మనం నడిపే పద్ధతే. బళ్లో పక్క పలక చూడటం నేరం, ఒకరి పని మరొకరు చూస్తూ కూర్చోవడం సోమరితనం అన్న రోజువారీ శిక్షణతో మన పిల్లల్లో ఆ శక్తిని ఎంత పోగొడుతున్నామో ఆలోచిస్తే బాధగా ఉంటుంది.

మరి పరీక్షించేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? పొలంబడి ఈ ప్రశ్నకు ఒక నిజమైన జవాబు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1989లో ఇండోనేషియా వరిచేలల్లో మొదలుపెట్టిన ఈ పద్ధతి తర్వాత మన జిల్లాలకూ వచ్చింది. రైతులు వారానికోసారి ఒకే చేలో దిగి, మొక్కమొక్కకూ ఆకుల కిందా కాండం మీదా వెతికి, శత్రు పురుగులెన్ని, వాటిని తినే మిత్ర పురుగులెన్ని లెక్కపెడతారు. అక్షింతల పురుగు, సాలీడు ఎన్ని కనబడ్డాయో చార్టు మీద బొమ్మలు గీసి, మందు కొట్టాలా వద్దా అన్నది కూర్చుని తేల్చుకుంటారు. పాఠం చెప్పేవాడికన్నా చేను ఎక్కువ మాట్లాడుతుంది. ఇలా కొద్దిమంది నేర్చుకుంటే, మిగతావాళ్లు గట్టు అవతల నుంచి చూసి పట్టుకుంటారన్నది ఈ పథకం మీద పెట్టుకున్న పెద్ద ఆశ. గెర్షన్ ఫెడర్ బృందం 2004లో ఇండోనేషియా గణాంకాలు పరిశీలించి చూస్తే, శిక్షణ పొందినవాళ్లకు తెలివిడి కొంత పెరిగింది గానీ పక్క రైతులకు అది చెప్పుకోదగినంతగా చేరలేదు. ఈ అధ్యాయమంతా చెప్పుకొచ్చినదాన్ని బట్టి చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. పక్క రైతు స్ప్రేయరు వీపుకు తగిలించుకుని మందు కొడుతుంటే ఊరంతటికీ కనబడుతుంది, వాసన ఇంటిదాకా వస్తుంది. మందు కొట్టకుండా ఆగిన రైతు మాత్రం ఏమీ చేయని రైతులాగే కనబడతాడు. అతను ఆకు తిప్పి లెక్కపెట్టినదీ, మిత్ర పురుగులు చాలినన్ని ఉన్నాయని ఆగినదీ గట్టు మీద నిలబడ్డవాడి కంటికి ఆనదు. చూసి నేర్చుకునేవాడికి చేయడం కనబడుతుంది, చేయకుండా ఆగాలన్న నిర్ణయం కనబడదు. అందుకే ఆ లెక్కల చార్టు పొలంబడి సభ్యుల దగ్గరే చుట్టిపెట్టి ఉండకుండా రచ్చబండ దగ్గర, విత్తనాల కొట్టు ముందర, పాలకేంద్రం గోడ మీద వారంవారం వేలాడాలి. దాని పక్కన, ఈ వారం మందు ఎందుకు కొట్టలేదో ఆ చేను రైతే నోరువిప్పి చెప్పాలి.